కాపీ రక్షణను చూసి డిజిటల్ గేమ్‌లు కొనడం ఎలా?

ఒకే గేమ్ నాలుగు ఆన్‌లైన్ స్టోర్లలో దొరుకుతున్నప్పుడు, ఎక్కువమంది ధర తక్కువున్న చోటో, తమ పాత గేమ్‌లన్నీ ఉన్న చోటో కొనేస్తారు. అయితే ఆ నాలుగు చోట్లా చేతికి వచ్చే వస్తువు ఒకటి కాదు. ఒక స్టోర్ ఇన్‌స్టాలర్ ఫైలును ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. మరొకటి తన లాంచర్ (గేమ్‌లను తెరిచే స్టోర్ ప్రోగ్రామ్) తెరిచి లాగిన్ అయితే తప్ప గేమ్‌ను నడవనివ్వదు. ఇంకొక చోట స్టోర్ లాంచర్ వెనుక ప్రచురణ సంస్థ లాంచర్, దాని వెనుక మూడో సంస్థ తయారుచేసిన రక్షణ పొర వరుసగా నిలబడి ఉంటాయి. ఈ తేడాలేవీ కొన్న రోజున కనిపించవు. కంప్యూటర్ మార్చినప్పుడో, ఖాతా స్తంభించినప్పుడో, సర్వర్లు మూతపడినప్పుడో బయటపడతాయి, అప్పటికి డబ్బు వెనక్కి అడిగే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి కొనే ముందే ప్రతి గేమ్ విషయంలోనూ ఒక ప్రశ్న వేసుకోవాలి: అమ్మిన సంస్థ, తయారుచేసిన సంస్థ రెండూ లేకుండా పోయినా ఇది నా కంప్యూటర్‌లో నడుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు స్టోర్ పేరును బట్టి కొంతవరకే తెలుస్తుంది. మిగతాది గేమ్ గేమ్‌కూ విడిగా వెతుక్కోవలసిందే.

లైసెన్సు వేరు, రక్షణ వేరు

ముందుగా ఈ రెండింటినీ విడదీసి చూడాలి. డిజిటల్ గేమ్ ఎక్కడ కొన్నా చట్టం దృష్టిలో మనకు దక్కేది వాడుకునే లైసెన్సు మాత్రమే. కాపీ రక్షణ అస్సలు లేని గేమ్‌లు అమ్మే స్టోర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. కాపీ రక్షణ, అంటే డీఆర్‌ఎం, ఆ లైసెన్సును సాంకేతికంగా అమలుచేసే సాధనం. లైసెన్సును రద్దు చేసే హక్కు కాగితం మీద ఎవరికైనా ఉండవచ్చు గానీ, రక్షణ లేని ఇన్‌స్టాలర్ ఒకసారి మీ డిస్కులోకి వచ్చాక దాన్ని దూరం నుంచి ఆపగల మీట ఎవరి చేతిలోనూ ఉండదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఆమోదించి 2025 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం కూడా గీతను సరిగ్గా ఇక్కడే గీసింది. డిజిటల్ వస్తువులను అమ్మేవారు తాము ఇస్తున్నది లైసెన్సేనని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని అది ఆదేశిస్తూ, ఇంటర్నెట్ లేకుండా వాడుకునేలా శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే వస్తువులకు మినహాయింపు ఇచ్చింది. 2024 అక్టోబరు నుంచి, వాల్వ్ సంస్థ నడిపే పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్ తన కార్ట్‌లో ఈ హెచ్చరికను చూపిస్తోంది.

రక్షణ లేదు కదా అని ఇన్‌స్టాలర్‌ను నలుగురికీ పంచిపెట్టవచ్చని కాదు. అది కాపీరైట్ ఉల్లంఘనే అవుతుంది. రక్షణను ఛేదించడం కూడా చాలా దేశాల్లో నేరం. ఈ రెండు దారుల అవసరమే రాకుండా సరైన చోట కొనడం గురించే ఇక్కడి చర్చ.

రక్షణలో ఎన్ని రకాలు

అన్నింటికంటే తేలికైనది స్టోర్ లాంచర్ తనిఖీ. స్టీమ్‌లో దీన్ని పెట్టుకోవాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. ఇది దానికదే పైరసీని ఆపే పరిష్కారం కాదని వాల్వ్ సంస్థ తన సాంకేతిక పత్రాల్లోనే రాసుకుంది. స్టీమ్‌లో అమ్ముడయ్యే గేమ్‌లలో కొన్ని అసలు ఈ తనిఖీ లేకుండానే ఉంటాయి. ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చినా నడుస్తాయి. స్టీమ్ అంటేనే డీఆర్‌ఎం అని కొట్టిపారేసేవారు ఈ సంగతిని గమనించరు.

రెండో రకం ఆక్టివేషన్. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు సర్వర్‌ను సంప్రదించి, మీ యంత్రానికి ముడిపడిన ఒక అనుమతిని తెచ్చుకుంటుంది. హార్డ్‌వేర్ మారినా, కొన్నిసార్లు పెద్ద అప్‌డేట్ వచ్చినా మళ్లీ సంప్రదిస్తుంది. 2008లో స్పోర్ గేమ్ మొదట మూడు యంత్రాలకే ఆక్టివేషన్ పరిమితి పెట్టి, కొనుగోలుదారుల ఆగ్రహం చూశాక దాన్ని ఐదుకు పెంచింది. నేడు ఈ వర్గంలో ఎక్కువగా వినిపించే పేరు డెనువో. ఆస్ట్రియాలో పుట్టి, 2014లో ఫిఫా 15తో మార్కెట్లోకి వచ్చి, 2018లో ఇర్డెటో సంస్థ చేతికి వెళ్లిన ఈ సాంకేతికత, ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే గేమ్‌లకు కూడా సర్వర్ మీద ఆధారపడే బంధాన్ని తగిలిస్తుంది. 2021 నవంబరులో డెనువోకు చెందిన ఒక డొమైన్ (ఇంటర్నెట్ చిరునామా) గడువు తీరిపోవడంతో అనేక గేమ్‌లు కొంతసేపు తెరుచుకోలేదు. సర్వర్ దాడులూ లేవు, దివాలా లేదు. ఒక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ మరిచిపోవడం చాలింది.

రక్షణ పొర గేమ్ పనితీరును దెబ్బతీస్తుందా అన్న వాదన ఎప్పటికీ తెగదు, ఎందుకంటే అది గేమ్‌లో ఏయే చోట్ల ఎంత దట్టంగా అల్లారన్న దాన్ని బట్టి మారుతుంది. కానీ 2021లో విడుదలైన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ పీసీ వెర్షన్‌లో ఆట మధ్యమధ్య తడబడటం గురించి ఫిర్యాదులు వచ్చిన తర్వాత, క్యాప్‌కామ్ సంస్థ పైరసీ నిరోధక సాంకేతికతను సర్దుబాటు చేశామని చెబుతూ ప్యాచ్ విడుదల చేసిన మాట వాస్తవం.

మూడో రకం నిరంతర కనెక్షన్. ఒంటరిగా ఆడే గేమ్‌కు కూడా ఆడినంతసేపూ సర్వర్ అందుబాటులో ఉండాలి. 2013లో సిమ్‌సిటీ విడుదలైనప్పుడు సర్వర్లు భారం మోయలేక కొన్నవారు రోజుల తరబడి లాగిన్ కాలేకపోయారు. ఆఫ్‌లైన్ పద్ధతి మరుసటి సంవత్సరం గానీ రాలేదు. అంతకంటే తీవ్రమైనది ది క్రూ ఉదంతం. 2014లో విడుదలైన ఈ రేసింగ్ గేమ్‌లో ఒంటరిగా ఆడగలిగే భాగం చాలా ఉన్నా, 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లను ఆపేయగానే మొత్తం గేమ్ పనికిరాకుండా పోయింది, ఆ తర్వాత కొన్నవారి ఖాతాల నుంచి లైసెన్సులు కూడా తొలగిపోయాయి. దీని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం తరఫున ఐరోపా యూనియన్‌లో పెట్టిన పౌరుల అర్జీకి 2025లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. గమనించవలసింది ఏమిటంటే, ఈ గేమ్‌ను డిస్కు రూపంలో కొన్నవారికీ అదే గతి పట్టింది.

డిస్కు అంటే భద్రం అనుకునేవారికి ఇంకొక సంగతి. పాత పీసీ డిస్కుల్లో వాడిన సేఫ్‌డిస్క్ వంటి రక్షణలకు 2015లో వచ్చిన విండోస్ 10 మద్దతు తీసేసింది, ఆ డ్రైవర్ల వల్ల భద్రతా లోపాలు వస్తున్నాయన్నది కారణం. డిస్కు చెక్కుచెదరకుండా ఉంది, గేమ్ ఫైళ్లూ ఉన్నాయి, రక్షణ పొర మాత్రమే కాలం చెల్లి గేమ్‌ను తెరవనివ్వదు. అవే గేమ్‌లలో కొన్ని తర్వాత రక్షణ తీసేసిన రూపంలో డిజిటల్ స్టోర్లలోకి వచ్చి హాయిగా నడుస్తున్నాయి.

సమాచారం ఎక్కడ చదవాలి

స్టీమ్‌లో గేమ్ పేజీ కుడివైపు పట్టీని కొనే బటన్ కంటే ముందు చూడటం అలవాటు చేసుకోవాలి. మూడో సంస్థ డీఆర్‌ఎం ఉంటే దాని పేరు, కొన్నిసార్లు ఒక రోజులో ఎన్ని యంత్రాల్లో ఆక్టివేట్ చేయవచ్చో ఆ పరిమితి, వేరే సంస్థ ఖాతా తప్పనిసరి అయితే ఆ విషయం, ప్రత్యేక లైసెన్సు ఒప్పందం ఉంటే దాని లింకు అక్కడ ఉంటాయి. కెర్నల్ స్థాయిలో (ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపల) పనిచేసే యాంటీ చీట్, అంటే మోసం చేసి ఆడేవారిని పట్టే ప్రోగ్రామ్, ఉంటే అది కూడా కనిపిస్తుంది. యాంటీ చీట్ కాపీ రక్షణ కాదు, కానీ మీ యంత్రంలో అంత లోతుకు చొరబడే ప్రోగ్రామ్ గురించి తెలుసుకోవడం అవసరమే. ఒక్క లోపం ఉంది: స్టీమ్ సొంత తనిఖీ ఉందో లేదో ఆ పట్టీ చెప్పదు. అక్కడ ఏమీ రాయలేదంటే మూడో సంస్థ రక్షణ లేదని మాత్రమే అర్థం.

ఆ ఖాళీని పూరించేది పీసీ గేమింగ్ వికీ అనే వెబ్‌సైట్. ఇందులో గేమ్‌ను వెతికితే, అది ఏయే స్టోర్లలో దొరుకుతుందో, ఒక్కో స్టోర్ వెర్షన్‌కు ఏ రక్షణ ఉందో పట్టికగా కనిపిస్తుంది. స్టీమ్ వెర్షన్ లాంచర్ లేకుండా నడుస్తుందా, ఎపిక్ అనే మరో స్టోర్ వెర్షన్ నడుస్తుందా, జీఓజీ అనే స్టోర్ వెర్షన్‌లో ఏదైనా భాగం కొరవడిందా వంటి వివరాలు వాడుకదారులు స్వయంగా పరీక్షించి చేర్చినవి కాబట్టి, స్టోర్ ప్రకటనల కంటే ఇవి ఎక్కువ ఉపయోగపడతాయి. అయితే ఒక అప్‌డేట్‌తో పరిస్థితి తారుమారు కావచ్చు కనుక, పట్టిక కింద ఉన్న గమనికలను, గేమ్‌కు ఇటీవల వచ్చిన సమీక్షలను కలిపి చదవాలి. విడుదలై ఏళ్లు గడిచిన గేమ్‌కు హఠాత్తుగా కొత్త రక్షణ పొర చేర్చిన ప్రచురణ సంస్థలూ ఉన్నాయి, కొంతకాలానికి డెనువోను తీసేసినవీ ఉన్నాయి. రెండోది ఎక్కువగా జరుగుతుంది. అందుకే డెనువో ఉన్న గేమ్‌ను విడుదల రోజునే ఆడి తీరాలన్న తొందర లేనివారికి నేను ఇచ్చే సలహా ఆగమనే. ఏడాది, రెండేళ్లు ఆగితే తరచుగా ధర తగ్గుతుంది, లోపాలు సర్దుకుంటాయి, అదృష్టం ఉంటే రక్షణ పొరా పోతుంది.

స్టోర్ల సంగతి

కాపీ రక్షణే మొదటి ప్రాధాన్యమైతే వెతుకులాట జీఓజీతో మొదలుపెట్టడం సబబు. 2008లో పాత గేమ్‌లను నేటి కంప్యూటర్లలో నడిచేలా చేసి అమ్మడంతో మొదలైన ఈ స్టోర్, ఇప్పుడు కొత్త గేమ్‌లను కూడా రక్షణ లేకుండానే అమ్ముతోంది. గెలాక్సీ అనే లాంచర్ ఉన్నా అది ఐచ్ఛికం. మీ ఖాతా పేజీ నుంచి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను బ్రౌజర్‌లోనే దించుకుని, ఇంటర్నెట్ లేని యంత్రంలో కూడా ఇన్‌స్టాల్ చేయవచ్చు. కొన్న 30 రోజుల లోపు, ఆడిన తర్వాత కూడా డబ్బు వెనక్కి అడగవచ్చు. తాము శాశ్వతంగా మూతపడవలసి వస్తే కనీసం 60 రోజుల ముందు తెలియజేయడానికి ప్రయత్నిస్తామని వారి ఒప్పందంలో ఉంది. ప్రయత్నిస్తామన్న మాటే ఉంది, హామీ లేదు. అందువల్ల ఆ రోజు కోసం ఎదురుచూడకుండా కొన్న రోజే ఇన్‌స్టాలర్‌ను దించుకోవాలి.

జీఓజీలో కూడా కళ్లు మూసుకుని కొనకూడదు. మల్టీప్లేయర్ భాగానికి చాలా గేమ్‌లలో గెలాక్సీ అవసరమవుతుంది. 2021లో హిట్‌మ్యాన్ ఆ స్టోర్‌లోకి వచ్చినప్పుడు, ఒంటరిగా ఆడేవారికి కూడా ఎన్నో భాగాలు ఆన్‌లైన్ కనెక్షన్ లేనిదే తెరుచుకోవడం లేదని వాడుకదారులు తీవ్రంగా ఫిర్యాదు చేశారు, కొద్ది వారాల్లోనే స్టోర్ ఆ గేమ్‌ను అమ్మకం నుంచి తీసేసింది. కొన్ని గేమ్‌ల అప్‌డేట్లు ఈ స్టోర్‌కు స్టీమ్ కంటే ఆలస్యంగా వస్తాయి, కొన్నింటికి రానే రావు. గేమ్ పేజీలోని సమీక్షల్లో ఈ ఫిర్యాదు పదేపదే కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చిన్న తయారీదారుల గేమ్‌లకు ఇచ్ డాట్ ఐఓ మంచి చోటు. 2013లో మొదలైన ఈ స్టోర్ నుంచి సాధారణంగా జిప్ ఫైలు నేరుగా మీ చేతికి వస్తుంది, దాని యాప్ వాడటం తప్పనిసరి కాదు. కాకపోతే కొందరు తయారీదారులు ఇక్కడ స్టీమ్ కీ (స్టీమ్‌లో గేమ్‌ను పొందే కోడ్) మాత్రమే ఇస్తారు, కొందరు ఒకసారి వెర్షన్ పెట్టి మళ్లీ తిరిగి చూడరు. చివరి అప్‌డేట్ తేదీ చూసి కొనాలి. హంబుల్ స్టోర్‌లో గేమ్ పక్కన ఉన్న గుర్తులు చూడాలి: రక్షణ లేని డౌన్‌లోడ్ ఇస్తున్నారా, స్టీమ్ కీ ఇస్తున్నారా అన్నది అవే చెబుతాయి. ఒకప్పుడు రక్షణ లేని మూటలతో పేరు తెచ్చుకున్న ఆ స్టోర్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది కీలే.

స్టీమ్, ఎపిక్ రెండింటిలోనూ నిర్ణయం తయారీదారుది కాబట్టి గేమ్‌ను బట్టి చూడాలి. యూబీసాఫ్ట్, ఈఏ వంటి సంస్థల గేమ్‌లను స్టీమ్‌లో కొన్నా చాలావరకు వారి సొంత లాంచర్, వారి ఖాతా కూడా కావాలి. అంటే ఒకే గేమ్‌కు రెండు తాళాలు. అటువంటి గేమ్ కొనక తప్పకపోతే నేరుగా ఆ ప్రచురణ సంస్థ స్టోర్‌లోనే కొంటే ఒక తాళమైనా తగ్గుతుంది. చందా సేవల గురించి చెప్పేది తక్కువే: నెలనెలా కట్టినంత కాలమే, అది కూడా ఆ గేమ్ జాబితాలో ఉన్నంత కాలమే ఆడగలం.

కన్సోళ్లలో ఈ ఎంపికకు చోటే లేదు, ఎందుకంటే ప్రతి గేమ్‌కూ యంత్రపు రక్షణ ఉంటుంది. నింటెండో 2023 మార్చిలో తన పాత యంత్రాలైన వీ యూ, 3డీఎస్ స్టోర్లలో అమ్మకాలు ఆపేసింది. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులైలో మూతపడింది. ఒకే గేమ్ పీసీలోనూ కన్సోల్‌లోనూ దొరికి, పీసీలో రక్షణ లేని వెర్షన్ ఉంటే, పదేళ్ల తర్వాత కూడా ఆడాలనుకునేవారు పీసీ వైపే మొగ్గాలి.

బయటి వెబ్‌సైట్లలో చవకగా అమ్మే కీల విషయంలో నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, దొంగిలించిన కార్డుతో కొన్నవని తేలితే రద్దవుతాయి, వేరే ప్రాంతానికి కట్టేసినవైతే ఆక్టివేట్ కావు. పైగా వాటిలో ఎక్కువ కీలు లాంచర్‌కు కట్టుబడిన వెర్షన్లవే కాబట్టి, రక్షణ గురించి ఆలోచించేవారికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

కొనే ముందు తూకం వేయవలసినవి

స్టోర్ ఎంపిక ఒక్క గేమ్‌తో ఆగదు. డీఎల్‌సీలు, అంటే విడిగా అమ్మే అదనపు భాగాలు, సాధారణంగా మూల గేమ్ కొన్న స్టోర్‌లోనే పనిచేస్తాయి; మూల గేమ్‌ను ఒకచోట, విస్తరణలను మరోచోట కొంటే రెండూ కలవవు. విస్తరణలు ఏళ్ల తరబడి వస్తూ ఉండే స్ట్రాటజీ గేమ్‌లలో మొదటి కొనుగోలే మిగతా ఖర్చంతటినీ నిర్ణయిస్తుంది, కాబట్టి రక్షణ లేని స్టోర్‌లో అన్ని విస్తరణలూ ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోవాలి. మాడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసి పంచుకునే మార్పులు) ఎక్కువగా వాడేవారికి ఇంకో చిక్కు. స్టీమ్ వర్క్‌షాప్‌లో మాత్రమే ఉండే మాడ్‌లు ఇతర వెర్షన్లు కొన్నవారికి తేలిగ్గా అందవు. క్లౌడ్ సేవ్, స్నేహితులతో కలిసి ఆడే సదుపాయం, విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ వంటివి స్టీమ్‌లో అమరినంత హాయిగా వేరేచోట అమరవు. వీటిని వదులుకోవడానికి సిద్ధపడే గేమ్‌లేవో, పడనివేవో విడదీసుకోవాలి.

పూర్తిగా ఆన్‌లైన్ పోటీ గేమ్‌ల విషయంలో ఈ తర్జనభర్జన అంతా అనవసరం. సర్వర్ లేనిదే ఆ ఆటే లేదు. దానికి పెట్టే డబ్బును సినిమా టికెట్టు డబ్బులా చూసి, స్నేహితులు ఏ స్టోర్‌లో ఉంటే అక్కడే కొనుక్కోవచ్చు. కానీ ఒంటరిగా ఆడే కథా గేమ్ నిరంతర కనెక్షన్ అడిగితే, తగ్గింపు ఎంత ఇచ్చినా నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

గడువులోగా పరీక్షించడం

స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఎపిక్ నియమం కూడా ఇంచుమించు ఇదే. ఈ వెసులుబాటును గేమ్ బాగుందా లేదా చూడటానికే కాకుండా రక్షణను పరీక్షించడానికి కూడా వాడుకోవాలి. గేమ్‌ను ఇన్‌స్టాల్ చేసి, అది తెచ్చుకునే అదనపు భాగాలన్నీ అమరేలా ఒకసారి మామూలుగా తెరిచి మూసేయండి. తర్వాత లాంచర్‌ను పూర్తిగా మూసి, నేపథ్యంలో కూడా నడవడం లేదని నిర్ధారించుకుని, నెట్ కనెక్షన్ తీసేసి, గేమ్ ఫోల్డర్‌లోని ప్రధాన ఫైలును నేరుగా తెరవండి. గేమ్ మొదలైతే మంచిదే. లాంచర్ తనంతట తాను తెరుచుకున్నా, లాగిన్ అడిగినా సమాధానం దొరికినట్టే. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఆ ఫోల్డర్‌ను లాంచర్ అసలు ఇన్‌స్టాల్ చేయని మరో కంప్యూటర్‌కు మార్చి చూడాలి, ఎందుకంటే మొదటి యంత్రంలో పాత ఆక్టివేషన్ ఆనవాళ్లు మిగిలి ఉండి తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు. మెనూ కనిపించగానే ఆపేయకుండా కొత్త ఆట మొదలుపెట్టి, సేవ్ చేసి, మూసి, మళ్లీ ఆ సేవ్‌ను తెరవాలి. స్టీమ్ ఆఫ్‌లైన్ పద్ధతిలో నడవడం ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. అది మీ ఖాతా, మీ లాంచర్ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ప్రయాణాల్లో పనికొచ్చే సదుపాయం మాత్రమే.

ఫైళ్లను భద్రపరచడం

రక్షణ లేని గేమ్ కొని, ఇన్‌స్టాలర్‌ను స్టోర్ సర్వర్‌లోనే వదిలేస్తే కొన్న ప్రయోజనం సగం పోయినట్టే. జీఓజీలో పెద్ద గేమ్‌ల ఇన్‌స్టాలర్లు అనేక భాగాలుగా వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్క భాగం లేకపోయినా ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. గేమ్ పేరు, వెర్షన్ సంఖ్య, దించుకున్న తేదీ ఫోల్డర్ పేరులోనే రాసుకోవాలి. డీఎల్‌సీలు, ప్యాచ్‌లు విడిగా ఇస్తే వాటినీ, పాత గేమ్‌లకు సీరియల్ కీ ఉంటే దాన్ని టెక్స్ట్ ఫైలులో రాసి అక్కడే పెట్టాలి. ఒకే డిస్కును నమ్మకుండా రెండింటిలో కాపీలు ఉంచి, ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు కొంచెం మారినా తానూ మారిపోయే గుర్తు సంఖ్య) తీసి పెట్టుకుంటే, కొన్నేళ్ల తర్వాత ఫైలు పాడైందో లేదో నిమిషంలో తేలిపోతుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతదాన్ని వెంటనే చెరిపేయకూడదు. లైసెన్సు గడువు తీరిన పాటలను అప్‌డేట్‌లో తీసేసిన గేమ్‌లు ఉన్నాయి, పాత మాడ్‌లు పాత వెర్షన్‌తోనే నడిచే గేమ్‌లూ ఉన్నాయి.

సేవ్ ఫైళ్లు చాలాసార్లు గేమ్ ఫోల్డర్‌లో కాకుండా డాక్యుమెంట్స్‌లోనో, దాచి ఉంచిన యాప్‌డేటా ఫోల్డర్‌లోనో ఉంటాయి. ఎక్కడున్నాయో పీసీ గేమింగ్ వికీలోనే రాసి ఉంటుంది, వాటినీ వేరుగా కాపీ చేసుకోవాలి. ఇప్పటికే స్టీమ్‌లో పెద్ద లైబ్రరీ ఉన్నవారు అంతా మళ్లీ కొనవలసిన పని లేదు. లాంచర్ లేకుండా నడిచే గేమ్‌లను వికీ పట్టిక చూసి ఏరి, వాటి ఫోల్డర్లను అలాగే డిస్కులోకి కాపీ చేసుకుని, పై పరీక్ష చేసి చూడాలి. మిగిలినవాటిలో మళ్లీ మళ్లీ ఆడే గేమ్‌లు ఏవైనా రక్షణ లేని వెర్షన్‌లో దొరికితే, అవి తగ్గింపుకు వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు.